వాసన లేని వైన్ గ్లాసులు

మా దీవిలో వండూర్ దగ్గర సముద్రం ఒడ్డునున్న ఒక రిసార్టులో వైన్ల సంగతి నేను చూస్తాను. ఏ సీసా ఏ చేపకూరతో బాగుంటుందో అతిథులకు చెప్పాలి. ఓడలో వచ్చిన పెట్టెలు విప్పి, దారిలో వేడికి పాడైన సీసాలను వాసనతో పట్టుకుని పక్కన పెట్టాలి. ఈ పని నేర్చుకోవడానికి నన్ను నాసిక్ ద్రాక్షతోటల వైపు పంపారు. అక్కడ కొన్ని వారాలు పొద్దున్నే గ్లాసుల వరుస ముందు కూర్చునేదాన్ని. రంగు చూసి, వాసన పట్టి, ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేసి, ఇరవైకి మార్కులు వేసేవాళ్లం.

మావాళ్లు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ చేపల వేట మీద బతికినవాళ్లు. నాన్న పోయాక బ్రూక్షాబాద్‌లో అమ్మా నేనూ ఉంటున్నాం. నేను తిరిగొచ్చాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"నోట్లో ఎట్టుకుని ఉమ్మేత్తే జీతం ఇత్తారా?"

"ఇస్తారమ్మా. మింగితే మత్తెక్కి ముక్కు పనిచెయ్యదు. ముక్కే ముఖ్యం."

"అలాగైతే మింగకు," అంది అమ్మ. ఆ తర్వాత ఆ ప్రస్తావన తేలేదు.

ఆ ఏడు వానాకాలం చివర్లో నాకు జ్వరం వచ్చింది. ఊళ్లో అందరికీ వచ్చిందే. ఒళ్లునొప్పులు, ముక్కు దిబ్బడ, తర్వాత నీరసం. తగ్గింది కదా అనుకున్న పొద్దున వంటింట్లోకి వెళ్తే అమ్మ నెత్తళ్ల ఎండుచేపలు వేయిస్తోంది. పెనం మీద పొగ లేస్తోంది. నాకేమీ తెలియలేదు. నెత్తళ్లు వేగుతుంటే వీధి చివరివరకూ తెలుస్తుంది. నేను పెనం మీదికి వంగి గట్టిగా పీల్చాను. వెచ్చటి గాలి లోపలికి వెళ్లింది, అంతే.

అమ్మకు చెప్పకుండా గదిలోకి వెళ్లి సబ్బు వాసన చూశాను. కొబ్బరినూనె చూశాను. అగ్గిపుల్ల గీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే వేడి తగిలింది కానీ వాసన లేదు. ఆ మధ్యాహ్నం రిసార్టులో తెరిచి ఉన్న ఒక సీసాలోంచి గ్లాసులో కొంచెం పోసుకుని తాగి చూశాను. పుల్లటి నీళ్లలా ఉంది.

డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. "జ్వరం తర్వాత కొందరికి ఇలా అవుతుంది. తిరిగి రావచ్చు, టైమ్ పడుతుంది," అన్నాడు.

"రాకపోతే?"

"కొందరికి పూర్తిగా రాదు. రోజూ నిమ్మకాయ, లవంగం, కర్పూరం వాసన చూస్తూ ఉండండి. ముక్కుకి గుర్తు చెయ్యాలి."

పొద్దునా సాయంత్రం అవి ముందు పెట్టుకుని కళ్లు మూసుకునేదాన్ని. లవంగం వాసన ఎలా ఉంటుందో గుర్తు చేసుకోబోతే అదీ గుర్తుకు రాలేదు. ఉన్నది పోయిందన్న బాధ కంటే, ఎలా ఉండేదో కూడా మరిచిపోతున్నానన్న భయం ఎక్కువైంది. నా ఒంటి చెమట నాకు తెలిసేది కాదు. బస్సులో ఎవరైనా కాస్త పక్కకి జరిగితే నా వల్లేనేమోనని రోజంతా కుమిలేదాన్ని. అన్నం పాచిపోయిందో లేదో అమ్మను అడగకుండా తినేదాన్ని కాదు. అమ్మకు సంగతంతా చెప్పక తప్పలేదు. రిసార్టులో మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు.

సీజన్ మొదలయ్యేముందు ప్రతి ఏడూ మా దగ్గర వైన్ల పరీక్ష జరుగుతుంది. నాసిక్ నుంచి నమూనా సీసాలు వస్తాయి, వాటితోపాటు వైన్లకు మార్కులు వేయడంలో ఆరితేరిన ఒక పెద్దావిడ వస్తుంది. నాకు పాఠాలు చెప్పింది ఆవిడే. మేం ఐదుగురం కూర్చుని మార్కులు వేస్తే, ఎక్కువ వచ్చిన వైన్లు ఆ ఏడాది మా మెనూలోకి వస్తాయి. పరీక్షకి ముందురోజు నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ వీధి కుళాయి దగ్గరికి నీళ్లకు వెళ్తూ పాలు చూడమంది. ముందు గదిలో బట్టలు మడతపెడుతూ మరిచిపోయాను. గుర్తొచ్చి వెళ్లేసరికి పాలు పొంగి పొయ్యంతా కారి ఉన్నాయి, మంట లేదు. పాలు పడి ఆరిపోయిందనుకున్నాను. గిన్నె దింపి, పొయ్యి తుడిచి, టీ పెడదామని లైటర్ తీశాను.

"లైటర్ కింద ఎట్టు."

గుమ్మంలో అమ్మ ఉంది. చేతిలో బిందె అలాగే ఉంది. గొంతు పెంచలేదు. నాకు అర్థం కాక అలాగే నిలబడ్డాను.

"నొక్కకు తల్లీ. మెల్లిగా కింద ఎట్టేసి బయిటికి రా. స్విచ్చి ముట్టుకోకు."

లైటర్‌ని గచ్చు మీద పెట్టాను. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చి, పొయ్యి కట్టేసి, సిలిండర్ కూడా కట్టేసి, కిటికీలు తెరిచింది. ఆ కాసేపూ నేను బయట జామచెట్టు పక్కన నిలబడి, లోపల తిరుగుతున్న ఆమె చీర అంచు వైపే చూస్తున్నాను. ఊపిరి తీసుకోవడానికి కూడా భయమేసింది. పక్కింటి దీదీ గోడ అవతలి నుంచి, "క్యా హువా మౌసీ, ఏమైంది? గ్యాస్ వాసన ఇక్కడిదాకా వస్తోంది," అంది.

అక్కడిదాకా వచ్చిన వాసన, పొయ్యి పక్కనే నిలబడ్డ నాకు తెలియలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"రేపు మీ ఆఫీసులో సెప్పేయ్," అంది. "ఉద్యోగం పోతే పోద్ది. దాసిపెట్టుకుని తిరక్కు."

మర్నాడు పొద్దున్నే మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయనా ఇక్కడే పుట్టిన తెలుగాయన. విని, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"దేఖో, ఈ మాట ఈ గదిలోనే వదిలెయ్. నాసిక్ మేడమ్‌కి తెలిస్తే మన ఇజ్జత్ పోతుంది. పక్కోళ్లు ఎంత వేస్తే నువ్వూ అటూ ఇటూగా అంతే వెయ్యి. ఏక్ దిన్ కా బాత్ హై, ఒక్కరోజే కదా."

ఆయన నన్ను కాపాడాలనే అన్నాడు. అయినా నా భయం తగ్గలేదు, రెట్టింపైంది.

పొడవాటి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, ఒక్కొక్కరి ముందు గ్లాసులు, ఉమ్మడానికి స్టీలు డబ్బా పెట్టారు. మొదటిది తెల్ల వైన్. అందరూ గ్లాసు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. చల్లదనం ముక్కుకి తగిలింది. పెద్దావిడ నా వైపు తిరిగి, అలవాటుగా, "బేటీ, ముందు నువ్వు చెప్పు. ఏం దొరికింది?" అని హిందీలో అడిగింది.

నా పక్కనాయన కాగితం మీద 'జామ' అని రాసుకున్నాడు. నాకు కనబడుతోంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మేనేజరు నా వైపే చూస్తున్నాడు.

"మేడమ్, నాకు ఏమీ తెలియడం లేదు," అన్నాను. "జ్వరం తర్వాత వాసన పోయింది. నిన్న ఇంట్లో గ్యాస్ లీకైనా తెలియలేదు."

ఆవిడ తన గ్లాసు కింద పెట్టింది.

"నాలుక పనిచేస్తోందా?"

"పులుపు, తీపి, వగరు తెలుస్తున్నాయి."

"అయితే వాటికి మార్కులు వెయ్యి. వాసన దగ్గర ఖాళీ వదిలెయ్."

అలాగే చేశాను. మూడో గ్లాసులో ఎర్ర వైన్ వచ్చింది. పులుపు తక్కువ, వగరు మెత్తగా ఉంది. బాగుందనిపించి మంచి మార్కులు వేసి తలెత్తాను. మిగతా నలుగురూ గ్లాసులు దూరంగా జరిపేశారు. తడిసిన అట్టపెట్టె కుళ్లినట్టు ఉందట. ఒకాయన నోరు కడుక్కోవడానికి లేచాడు. నేను మాత్రం దాన్ని ఉమ్మకుండా మింగేశాను కూడా. అతిథి ముందు ఈ సీసానే మెచ్చుకుంటూ పోసి ఉండేదాన్ని.

ఆ సీజన్‌లో నన్ను రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. ఉద్యోగం పోలేదు. నన్ను తీసెయ్యొద్దని పెద్దావిడే చెప్పి వెళ్లిందని తర్వాత తెలిసింది. చలికాలంలో వాసన తిరిగొచ్చింది కానీ వంకరగా వచ్చింది. ఉల్లిపాయ వేగితే రబ్బరు కాలిన కంపు, కాఫీ అంటే కిరోసిన్. అమ్మ కూరల్లో ఉల్లిపాయ మానేసింది. ఇక జన్మంతా ఇలాగేనా అని, ఏమీ తెలియని రోజులే నయమనిపించేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మిన్నీ బే వైపు, పెళ్లయి అక్కడ ఉంటున్న మా చిన్నత్త కూతురి ఇంటికి వెళ్లాం. పాటు సమయం. నీళ్లు వెనక్కి వెళ్లి రాళ్ల మీద పాచి తేలి ఉంది. రోడ్డు దాటుతుంటే ఒక్కసారిగా పచ్చి పాచి వాసన, ఉప్పు వాసన, కలిసి వచ్చాయి. ఉన్నది ఉన్నట్టుగా. రోడ్డు మధ్యలో ఆగిపోయాను. రెండోసారి పీలిస్తే ఉండదేమోనని ఊపిరి బిగబట్టాను. అమ్మ చెయ్యి పట్టి లాగి, "బండొత్తాంది, నడు," అంది. రోడ్డు అవతలికి చేరాక చెప్పాను. అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది.

తర్వాతి ఏడు పరీక్షకి నన్ను మళ్లీ బల్ల దగ్గరికి పిలిచారు. తెల్ల వైన్లు బాగానే సాగాయి. ఒక ఎర్ర వైన్‌కి అందరూ మంచి మార్కులు వేస్తుంటే నాకు అడుగున ఎక్కడో కమిలిన వాసన తగిలింది. మళ్లీ చూశాను, ఉంది. మిగతావాళ్లకు తెలియలేదు. వైన్‌లో ఉన్నదో, నా ముక్కులో మిగిలిన వంకరో ఎలా తెలుస్తుంది? పెద్దావిడతో అదే చెప్పాను.

ఆవిడ తన గ్లాసు మరోసారి వాసన చూసి తల అడ్డంగా ఊపింది. "నాకు రావడం లేదు. అయినా నీకు వచ్చినదే రాయి. అందుకే కదా ఐదుగురం కూర్చున్నాం."

తక్కువ మార్కులు వేసి, పక్కన 'కమిలిన వాసన, నమ్మకం లేదు' అని రాశాను. నీళ్లతో నోరు పుక్కిలించి, తర్వాతి గ్లాసు ముందుకు లాక్కున్నాను.