పలుకు కట్టేదాకా

మా పెద్దమ్మాయి పోయింది. హైదరాబాదులో పరిశోధన చేసేది, అక్కడే జ్వరమొచ్చింది, డెంగ్యూ అన్నారు, మనిషి దక్కలేదు. పోయిన నెల ఉయ్యూరు తీసుకొచ్చి వాళ్ల నాన్న పక్కనే సమాధి చేశాం. నేను అయిదో తరగతితో ఆగినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

అది ఏం పరిశోధన చేసిందో మావాళ్లెవరికీ తెలియదు. నాకు తెలుసు. చీరలకి ఫాల్స్ కుడుతుంటే పక్కన కూర్చుని చెప్పేది.

"అమ్మా, పిన్ని గేటు బయట నిలబడి 'అక్కా' అంటే నువ్వు లోపల లేచి టీ పెడతావు. పిన్ని లోపలికి రాలేదుగా, పిలుపే వచ్చింది. మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక గోడ ఉంటుంది. బయటి పిలుపుని లోపలికి అందించే ప్రోటీను ఆ గోడలో ఉంటుంది. నీ ఆయాసానికి పీల్చే మందు కూడా అలాంటిదాన్నే పిలుస్తుంది."

"గోడలో ఎట్టా ఉంటుందే?"

"నీ కుట్టులాగే. ఆ ప్రోటీను ఒక పొడుగాటి పోగు, గోడలోంచి ఏడుసార్లు అటూ ఇటూ దూరుతుంది."

దాని ఆకారం తెలియాలంటే ముందు ఆ ప్రోటీను పటికబెల్లంలా పలుకు కట్టాలట, స్ఫటికం అంటారట. అప్పుడు ఎక్స్‌రే కిరణాలు పంపి చూస్తారట. పలుకు కట్టించడం దానికి చిన్నప్పుడే వచ్చు. చక్కెర ఫ్యాక్టరీ ఊరి పిల్ల కదా. గాజు గ్లాసులో పంచదార పాకం పోసి, దారం వేలాడదీసి, కిటికీలో పెట్టేది. వాళ్ల నాన్నని కూడా గదమాయించేది: "మెల్లగా నడువు నాన్నా, కదిపితే చెడుద్ది." ఇంకో మాట అనేది: "తొందరపడితే పొడి, ఓపిక పడితే పలుకు."

ల్యాబులో మాత్రం ఏళ్ల తరబడి పొడే వచ్చింది. ఒకరోజు ఫోన్ చేసి అరిచింది: "అమ్మా, పలుకు కట్టింది!"

"నోట్లో వేసుకునేవు, జాగ్రత్త" అన్నాను. ఎంత నవ్విందో!

సమాధి అయ్యాక మమ్మల్ని ఓదార్చడానికి చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో మా అన్నయ్య అందరి ముందూ అన్నాడు: "చదువు చదువని పెళ్లి లేకుండానే పోయింది. ఏం మిగిలింది చెల్లాయ్? రెండోదాన్నైనా మానిపించు."

"దోమ కుట్టి పోయింది అన్నయ్యా, చదువు కుట్టి కాదు."

"ఇంత జరిగినా బుద్ధి రాదా?"

"రాదు. ఏడుస్తాను. మానిపించను."

అన్నం తినకుండా లేచి వెళ్లాడు. వెళ్లనీ. దేవుడి చిత్తం అన్నవాళ్లకీ చెప్పాను, దేవుడితో నా లెక్క నేను చూసుకుంటానని.

మా చిన్నది ఎమ్మెస్సీలో చేరింది. పొద్దున విజయవాడ బస్సెక్కించి వచ్చి కుట్టు ముందు కూర్చున్నాను. గేటు దగ్గర ఎవరో పిల్ల వాళ్లమ్మని పిలిచింది. నన్ను కాదని తెలుసు. అయినా చేతిలో సూది వదిలేసి లేచాను. పిలిచేది లేకపోయినా నా లోపల అందుకునేది చావలేదు.

లేచినదాన్ని ఊరికే కూర్చోలేక పాకం పెట్టాను. కిటికీలో గ్లాసు ఉంది. దారం నిటారుగా వేలాడుతోంది. ఇంకా ఏమీ పట్టలేదు. సాయంత్రం మా అన్నయ్య గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపలినుంచే కేకేశాను:

"మెల్లగా నడువు. కదిపితే చెడుద్ది."