తడపని గుడ్డ

పద్దెనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పే ధైర్యం వచ్చింది.

నిజామాబాద్‌లో నాది కార్ల సీట్లు, జీపుల టాపులు కుట్టే దుకాణం. బోధన్ దగ్గర ఒక ఊళ్లో చెరకు వేసే పటేల్‌కు ఓ పాత కారు ఉండేది. పైన గుడ్డ టాపు. వెనక్కి మడిస్తే కారంతా తెరుచుకునేది. చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఊరేగింపుకు అదే బారాత్ కారు. పాతికేళ్లుగా దాన్ని నడిపింది యాకోబన్న. ఎక్కేముందు చెప్పులు విప్పి సీటు కింద పెట్టుకునేవాడు, ఏదో గుళ్లోకి వెళ్తున్నట్టు. ఆయన పోయేది చర్చికి, అది వేరే సంగతి. నన్ను తమ్మీ అనే పిలిచేవాడు. టాపు చిరిగినప్పుడు పెద్ద దుకాణాలను కాదని, మా తమ్ముడు కుడతాడని పటేల్‌కు మాటిచ్చి మరీ నా దగ్గరికి తెచ్చింది ఆయనే.

కాన్వాసు గుడ్డను ముందు నీళ్లలో నానబెట్టాలి. ఎండలో పూర్తిగా ఆరాకే కత్తెర పెట్టాలి. లేకపోతే మొదటి వానకే కుంచించుకుపోతుంది. మా బాపు నాకు సూది పట్టుకోవడం కన్నా ముందు నేర్పింది ఇదే. కానీ అది శ్రావణం. ముసురు పట్టి నాలుగు రోజులుగా ఎండ లేదు. పటేల్ కూతురి పెళ్లి దగ్గరపడింది. ఈసారికి పాత టాపుతోనే కానివ్వండి, ఎండ వచ్చాక కుడతాను అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? భయమా? పని చేజారుతుందనా? కాదు, ఇప్పుడైనా నిజం చెప్పాలి కదా, ఆ పెళ్లిలో అందరి ముందూ నా చేతి కుట్టు ఊరేగాలని ఆశపడ్డాను. పొడి గుడ్డ మీదే పాత టాపు పరిచి, గీత గీసి కోసేశాను.

కారు తీసుకెళ్లేటప్పుడు యాకోబన్న టాపు మీద చెయ్యి వేసి, తడిపి ఆరేశావా అని అడిగాడు. తలూపాను.

పెళ్లి బాగానే జరిగింది. పెళ్లికూతురిని దింపి తిరిగొస్తుంటే వర్ని ఊరి దగ్గర వాన పట్టుకుంది. యాకోబన్న టాపు వేసుకుని పటేల్ ఇల్లు చేరాడు. మరునాడు దాన్ని మడవకుండా అలాగే నిలబెట్టి ఆరబెట్టాడు. ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుంది. ముందు అద్దం చట్రాన్ని వెనక్కి లాగింది. అద్దం పగిలింది. అంత పాత కారుకు ఆ అద్దం ఇంకెక్కడా దొరకలేదు.

నన్ను పిలిపించారు.

"ఏమైందిర దీనికి?" అన్నాడు పటేల్.

"తడిగున్నప్పుడే మడిచి, మళ్ల జబర్దస్తి గుంజి పెట్టినట్టున్నరు పటేలా," అన్నాను. మాట ఎంత సాఫీగా వచ్చిందో!

"లేదు పటేలా, మడవనే లేదు. నిలవెట్టి ఆరేసిన." యాకోబన్న నా వైపు తిరిగాడు. "తమ్మీ, గుడ్డ తడిపినంకనే కోసినవ్ గద? చెప్పు."

"తడిపినన్నా."

పటేల్ తిట్టలేదు. రేపటి నుంచి రావద్దన్నాడు, అంతే. యాకోబన్న సీటు కింద నుంచి చెప్పులు తీసుకుని, తొడుక్కోకుండా చేత్తోనే పట్టుకుని వాకిలి దాటాడు.

ఆ తర్వాత అక్కడ ఎవరూ ఆయన చేతికి స్టీరింగ్ ఇవ్వలేదు. ఒక రైస్ మిల్లులో వాచ్‌మన్‌గా కుదిరాడని విన్నాను. రేపు వెళ్లి చెబుతాను, పండగ దాటాక చెబుతాను, ఆయన కోపం తగ్గాక చెబుతాను అని నన్ను నేను మభ్యపెట్టుకుంటూ ఏళ్లు గడిపేశాను. ఆయనకు నా మీద కోపమే లేదని అప్పుడు నాకు తెలియదు.

పోయిన ఎండాకాలం దుకాణానికి వచ్చాడు. చర్చి కుర్చీకి మెత్త కుట్టాలట. బాగా వంగిపోయాడు. చాయ్ తెప్పించాను. తాగుతూ తాగుతూ అన్నాడు:

"తమ్మీ, ఆ దినం నేనే తడిగ మడిచిననేమోర. ఎంత యాది చేస్కున్నా సమజైతలేదు. నువ్వైతె అబద్ధమాడవ్ గద."

దుకాణంలో ఇంకెవరూ లేరు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేను లేచి కుట్టు మిషన్ ముందు కూర్చున్నాను. మెత్త కుట్టి ఇచ్చాను. తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయన పని పోగొట్టానని ఇన్నాళ్లూ ఏడ్చుకున్నాను. తన చేతులతో తాను చేసిన పనిని కూడా ఆయన నమ్మలేకుండా చేశానని ఆ రోజు తెలిసింది. ఇదేం పాపం? దీనికి పేరుందా?

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆయనకు చెబుతానని మాట కూడా ఇవ్వను, నా మాటల సంగతి మీకు ఇప్పుడు తెలుసు. యాకోబన్న ఆ టాపు మడవలేదు. నేను గుడ్డ తడపలేదు. ఇంత రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.