గజ్జి మందు ఎవరికి?

మా పాప వేళ్ల సందుల్లో గజ్జి లేచింది. తన చెయ్యి పట్టుకుని వెళ్తే, మహబూబాబాద్‌లో మందుల దుకాణం అతను గంధకం సబ్బు, పూత మందు తీసి బల్ల మీద పెట్టగానే, ఆ వాసనకు నా చెవులు వేడెక్కాయి.

మూడో తరగతిలో నాకూ ఇలాగే లేచింది. బాపు నన్ను ఇదే బజారుకు తీసుకొచ్చాడు. దుకాణం దగ్గర మా బడి సారు నిలబడి ఉన్నాడు. నేను చేతులు లంగా మడతల్లో దాచుకున్నాను.

"గజ్జి మందు ఎవలకు, పిల్లకా?" దుకాణదారు గట్టిగా అడిగాడు.

"గాదన్నా, నాకే," అన్నాడు బాపు.

"ఎవలకైనా ఇంట్ల అందరు పూసుకోవాలె. మెడకాన్నుంచి అరికాళ్ల దాక."

నేను బాపు మాట నమ్మేశాను. సాయంత్రం ఆయన ఒంటినిండా తెల్లటి మందు పూసుకుంటుంటే ఇంకా గట్టిగా నమ్మాను. నాకు అంటించింది ఆయనే అనుకున్నాను. రోజూ ఆయన పక్కనే పడుకునేదాన్ని, ఆ రాత్రి మాత్రం నా బొంత తీసుకెళ్లి అవ్వ దగ్గర వేసుకున్నాను.

"ఏమైంది బిడ్డా, ఇటు రా," అన్నాడు.

"నన్ను ముట్టకు బాపు, నీకు గజ్జున్నది."

బాపు తన చాప ఇంకాస్త దూరం జరుపుకున్నాడు.

ఆయన ఒంటి మీద ఒక్క పొక్కు కూడా లేదని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి చెప్పుకోవడానికి ఆయన లేడు.

"ఎవలకక్కా, పాపకా?" దుకాణం అతను అడుగుతున్నాడు. మా వెనకాల పాప స్నేహితురాలు, వాళ్లమ్మ నిలబడి ఉన్నారు.

"నాకే," అన్నాను.

పాప నా చేతిలోంచి తన వేళ్లు మెల్లగా లాక్కుంది.