సత్తక్క కుంచె

నిన్న పొద్దున కరీంనగర్ నుంచి అక్క కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నమ్మా, అవ్వ లేస్తలేదు" అన్నాడు, వాళ్లమ్మ గురించి.

"లేపకు బిడ్డా. జరసేపైతే అదే లేస్తది" అన్నాను.

జీవితమంతా అందరికీ ఇదే చెప్పాను కదా. అలవాటుగా నోటికి అదే వచ్చింది.

వాడు ఏడ్చేదాకా నాకు అర్థం కాలేదు.

మా సత్తక్క ఇక లేదు.

నేను చెప్తుంటే మనవరాలు టైప్ చేస్తోంది. ఏడుపు పోస్ట్ వద్దన్నాను. మా అక్క అంటే నాకు గర్వం. అదే రాయమన్నాను.

హైదరాబాద్ స్టేట్ రోజులు. నిర్మల్‌లో మా పెద్దబాపు, అంటే నాన్న వాళ్ల అన్న, ఇంటి వాకిట్లోనే కొయ్యబొమ్మల పని నడిపేవాడు. అక్కా నేనూ పక్కపక్కన కూర్చుని రంగులు వేసేవాళ్లం.

ఎదిగే వయసులో అక్కకు ఈ నిద్ర పట్టుకుంది. అన్నం కలుపుతూ నిద్ర. మాట్లాడుతూ నిద్ర. గట్టిగా నవ్వితే మోకాళ్లు జారి కూలబడేది. మెలకువగానే ఉండేది, ఒళ్లే మాట వినేది కాదు.

బద్ధకం అన్నారు. గాలి సోకింది అన్నారు. మా అవ్వ ఎన్ని తాయెత్తులు కట్టించిందో!

ఒకరోజు పనిలోనే అక్క కళ్లు మూతపడ్డాయి. చెయ్యి మాత్రం ఆగలేదు. చూసేసరికి జింక ఒంటినిండా పులి చారలు!

మేమంతా పగలబడి నవ్వాం. పెద్దబాపు నవ్వలేదు. "రేపటి సంది రంగుల కాడికి రాకు" అన్నాడు.

ఆ పనంటే అక్కకు ప్రాణం. అది పోతే ఇక ఇంట్లో ఓ మూల కూర్చోబెడతారని ఆమెకు తెలుసు.

అయినా ఏడవలేదు. తలెత్తి చెప్పింది.

"పెద్దబాపూ, నిద్ర నా మీద పడ్డంక గీస్తేనే గీత తప్పుతది. పడకముందే నేను పండుకుంట. పూత ఆరెదాక వీళ్లంత ముచ్చట్లు పెడ్తరు గద, గప్పుడు. ఆరినంక లేపుండ్రి. మల్ల పాడైతే గప్పుడు వెళ్లగొట్టు."

పెద్దబాపుతో అలా మాట్లాడిన ఆడపిల్ల మా ఇంట్లో లేదు. ఆయన "సరే, సూద్దాం" అన్నాడు.

అంతే. తెల్ల పూత వేయడం, ఒక కునుకు. రంగు వేయడం, ఇంకో కునుకు.

ఎప్పుడైనా మధ్యలో నిద్ర తోసుకొస్తే, కుంచె నా చేతిలో పెట్టి పక్కకు ఒరిగేది. లేవగానే చెయ్యి చాపేది. నేను ఇచ్చేదాన్ని.

మళ్లీ ఒక్క బొమ్మ పాడవలేదు.

చివరికి బొమ్మలకు కళ్లు దిద్దే పని పెద్దబాపు అక్కకే అప్పజెప్పాడు. చెయ్యి కాస్త తడబడితే బొమ్మంతా దండగయ్యే పని అది. ఎక్కిరించిన వాడకట్టంతా చూస్తుండగా నెమళ్లకు కళ్లు దిద్దింది మా అక్క!

చాలా ఏళ్లకు ఒక డాక్టర్ ఈ జబ్బును నార్కోలెప్సీ అంటారని చెప్పాడు. "దీనికి పేరు సుత ఉన్నదా సార్!" అని నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారింది. నర్సు పరేషాన్. "ఏం కాదమ్మా, సంతోషపడ్డది" అన్నాను.

పెళ్లి మాటల్లో కూడా దాచలేదు. "నాకు నిద్ర ఎక్కువ, నవ్వితే పడిపోత" అని తనే ముందు నవ్వుతూ చెప్పింది. మా బావ ఆ నవ్వు చూసే ఒప్పుకున్నానని చెప్పేవాడు.

నిన్న వాళ్లింట్లో అక్క కుంచె ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

నా దగ్గరే ఉన్నది అక్కా, పదిలంగా. ఈసారి ఎవ్వరం లేపం.

నిమ్మలంగా పండుకో.