ఎలీషబా బోర్డు

అర్ధవీడు నుంచి రోజూ బస్సులో మార్కాపురం వచ్చి, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఎలీషబాకు కోపం త్వరగా రాదు. వస్తే మాత్రం దిగదు.

ల్యాబులో ఒక పెట్టె ఉంది. సెన్సర్లు పట్టిన వేడిని, ఒత్తిడిని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు అందించడం దాని పని. ఆ కంప్యూటర్ చచ్చి రెండేళ్లయింది. కొత్తది కావాలంటే విభాగాధిపతి చెన్నకేశవులు "చూద్దాం లేమ్మా" అనేవాడు. ఆ చూడటం ఎన్నటికీ తెమలలేదు. చివరికి ఎలీషబాయే అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి తెప్పించింది. పెట్టెకు చాలినంత కరెంటు బోర్డు ఇవ్వలేకపోతే, మధ్యలో విడిగా కరెంటు తీసుకునే హబ్ పెట్టింది. ప్రోగ్రాం కోసం మూడు నెలలు తల బద్దలు కొట్టుకుంది. అంకెలు కదిలాయి, పిల్లలు ప్రాక్టికల్స్ చేసుకున్నారు. బాగుందన్న పాపాన ఒక్కడూ పోలేదు.

దసరా సెలవులకు ఇంకా రెండు రోజులుండగానే ల్యాబులో ఆయుధపూజ కానిచ్చారు. చెన్నకేశవులు పసుపునీళ్లలో కుంకుమ కలిపి పెట్టెకు బొట్లు పెడుతున్నాడు.

"మూత మీద పెట్టండి సార్ బొట్టు, వైర్లు బిగించేకాడ వద్దు" అంది ఎలీషబా.

"పూజ ఎట్ల చేయాల్నో నువ్వు నేర్పిస్తావా?" అన్నాడు చెన్నకేశవులు.

చర్చికి పోయే మనిషి ఆ చోట ఇంకో మాటంటే అది ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. నోరు మూసుకుంది. మూసుకున్నందుకు రాత్రంతా తన మీద తనకే మంట.

మర్నాడు ప్రాక్టికల్ పరీక్ష. బయటి కాలేజీ ఎగ్జామినర్ వచ్చి కూర్చున్నాడు. తెర మీద గది వేడి ఓసారి మూడొందల డిగ్రీలు, ఓసారి సున్నా.

"పిల్లలాడుకునే బోర్డు తగిలించి లక్షల పెట్టెను నాశనం చేసినావు గదా!" అని చెన్నకేశవులు అందరి ముందూ అరిచాడు. అంతటితో ఆగక కాగితం రాసి తెచ్చాడు: 'నా బోర్డు వల్లే పెట్టె చెడిపోయింది, బాధ్యత నాదే.' కింద ఎలీషబా పేరు. సంతకం పెడితే ఉద్యోగం ఊడినట్టే.

ఆమెకు ఒళ్లు భగ్గుమంది. స్క్రూడ్రైవర్ తీసి పెట్టెకున్న వైర్లన్నీ ఊడదీసింది. వైర్లు బిగించే రంధ్రాల నిండా పసుపూ కుంకుమా కలిసిన ముద్ద, ఇంకా తడారలేదు. ఒక వైరులోని కరెంటు ఆ తడి మీదుగా పక్క వైరుకు పాకుతోంది. స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో తోమి, ఆరబెట్టి, మళ్లీ బిగించింది. తెర మీద ఇరవై తొమ్మిది డిగ్రీలు కదలకుండా నిలిచింది. గోడనున్న థర్మామీటరూ అదే చూపించింది.

ఎగ్జామినర్ చెన్నకేశవుల వైపు చూశాడు.

"సరేలేమ్మా, అయిందేదో అయిపోయింది" అంటూ ఆయన కాగితం చించబోయాడు. ఎలీషబా లాక్కుంది.

"చించొద్దు సార్. అందులో 'నా బోర్డు' అన్నది కొట్టేసి మీ పసుపునీళ్లని రాయండి. నా పేరు కొట్టేసి మీ పేరు రాయండి. మీరు సంతకం పెట్టేదాంక నేనీడనే నిలబడతా."

కాగితం బల్ల మీద పరిచి, పక్కన పెన్ను పెట్టింది.