ముప్పై తొమ్మిదో గంటలో సలాం

“సలాం నోటితోని చెప్తే సరిపోయేది గదా, చెయ్యెందుకు లేపినవ్?”

పదహారేండ్ల కింద, ఆదిలాబాద్‌లో ఒక బండ్ల షోరూం ముందు, లోకల్ కేబుల్ చానల్ యాంకర్ భానుప్రసాద్ మైకు పెట్టి ముకర్రంను అడిగిన మాట ఇది.

“చెయ్యి నన్ను అడిగి లేవలే సార్” అన్నడు ముకర్రం. జనం నవ్విండ్రు. ఆయన నవ్వలే.

పెద్ద చానళ్ల పాటల పోటీలు, డ్యాన్సు పోటీలు చూసి అప్పట్లో జిల్లా కేబులోళ్లకు కూడా పోటీల పిచ్చి పట్టింది. ఈ చానల్ పోటీకి పాటా రానక్కర్లేదు, ఆటా రానక్కర్లేదు. కొత్త మోటరుసైకిల్ మీద కుడి అరచెయ్యి పెట్టి పన్నెండు మంది నిలబడాలి. నాలుగు గంటలకోసారి పది నిమిషాలు విరామం. మధ్యలో చెయ్యి లేచిందా, అవుట్. ఆఖరిదాకా నిలిచినోళ్లదే బండి. అంతా లైవు.

జైనూర్ ముకర్రంకు ఇది సరదా కాదు. సైకిల్ మీద దుప్పట్లు, లుంగీలు కట్టుకొని గుట్టల మీది గూడేలు తిరిగి అమ్ముతుండె. బండ్ల మీద అమ్మేటోళ్లు అప్పటికే మొదలైండ్రు. ఈయన గుట్ట ఎక్కేసరికి వాళ్లు అమ్ముకొని దిగుతుండ్రి. మోకాళ్లు అరిగినయి. బండి వస్తే బేరం నిలబడుతది, రాకుంటే పోతది.

ముప్పై తొమ్మిదో గంటకు ఇద్దరే మిగిలిండ్రు: ముకర్రం, ఆటో నడిపే కొమురెల్లి. అప్పుడు గుంపును తోసుకుంటూ ముకర్రంకు పిల్లనిచ్చిన మామ నజీరుద్దీన్ వచ్చిండు. జిన్నింగ్ మిల్లులో పత్తి కాంటా వేసే మనిషి. ఏదో పెండ్లి విందులో మాటా మాటా పెరిగి, రెండేండ్ల సంది అల్లునితో మాటల్లేవు. బిడ్డ బిల్కీస్ ఎంత ఏడ్చినా కరగనోడు, టీవీలో అల్లుని కాళ్లు వణుకుతుంటే ఉండబట్టలేకపోయిండు. వచ్చి, పెద్దోడై ఉండి, తనే ముందు సలాం చెప్పిండు.

ముకర్రం కుడిచెయ్యి నుదుటికి పోయింది.

“అన్నా, పెట్టు, పెట్టు! నేను చూడలే!” అన్నడు కొమురెల్లి. కెమెరా చూసింది. బండి కొమురెల్లిదైంది. ఆ సలాంను నెమ్మదిగా తిప్పి, వెనక సంగీతం పెట్టి, చానల్ వారం రోజులు చూపించింది.

ఊరు దీన్ని నీతికథ చేసింది. మర్యాద గెలిచిందని పేపర్లో రాసిండ్రు. ఎవరో నాయకుడు శాలువా కప్పిండు. మర్యాదా లేదు, మన్నూ లేదు. రెండు రోజులు నిద్రలేని మనిషిలో చిన్ననాటి అలవాటు ఒక్కటే మేలుకొని ఉన్నది, అంతే. “ఎడమ చెయ్యి ఖాళీగనే ఉండె. ఎడమ చేత్తో మామకు సలాం ఎవడన్న చేస్తడా?” అంటడు ముకర్రం.

“శాలువా కప్పుకొని గుట్టలెక్కుతవా ఇగ?” అన్నది బిల్కీస్.

రెండేండ్లలో గూడేల బేరం పూర్తిగా బండ్లోళ్ల పాలైంది. ముకర్రం ఇప్పుడు జైనూర్‌లో బస్సులాగే చోట పట్టా పరిచి దుప్పట్లు అమ్ముతుండు. లేవాలంటే వెనక గోడ పట్టుకోవాలె.

రాజీకని వచ్చిన మామ మళ్లీ తనంతట తాను ఎదుట పడలే. పండుగకు పోయి పిలిస్తే, “నీ మొఖం చూస్తే నాకు గా బండే కనబడ్తది బేటా” అన్నడు. రెండో స్థానానికి ఐదువేలిస్తమని చానలోళ్లు స్టేజీ మీద చెప్పిండ్రు. అవి వసూలు చేసి, పట్టుకొనే అల్లుని గడప తొక్కుతనని మొండికేసిండు. మిల్లులో డ్యూటీ దిగి వారం వారం చానల్ ఆఫీసుకు పోయిండు. “రేపు రా చాచా” అన్నరు. “చెక్కు హైదరాబాద్‌ల ఉన్నది” అన్నరు. ఒకరోజు పోతే ఆ గదిలో ఫోటో స్టూడియో ఉన్నది.

“ఐదువేలు గంగల కలవనియ్యి, నువ్వు రా మామా” అని ముకర్రం ఎన్నిసార్లు చెప్పి పంపిండో. రాలే.

ఆరేండ్ల కింద నజీరుద్దీన్ పోయిండు. ఆఖరి స్నానం చేయించినోళ్లలో ముకర్రం ఉన్నడు. మామ జైనూర్‌లో బిడ్డ ఇంట్ల మళ్లీ చాయ్ తాగనే లేదు. ఆ ఐదువేలు ఇప్పటికీ రావాల్సే ఉన్నయి.