పదహారు ఊదు, పదహారు ఊరుకో

జూన్ రెండో వారం, సోమవారం, ఉదయం 5:40కి పోస్టింగ్‌లో దిగాను. నల్ల ట్రంకు పెట్టె ఒకటి, పరుపు చుట్ట ఒకటి. అప్పటికే చొక్కా వీపుకి అంటుకుంది. గుట్ట మీద క్యాంపు. కింద మల్కాపురం డాబాలు, వాటి వెనక రిఫైనరీ మంట, ఆ వెనక పోర్టు క్రేన్లు, ఆ వెనక సముద్రం. మంచు, శత్రువు, తుపాకీ మోత కోసం చదువుతున్నవాళ్లు ఇక్కడే క్షమించండి. నేను ఆర్మీ బ్యాండులో ట్రంపెట్. నా యుద్ధభూమి నుంచి కూర్మన్నపాలెంలో మా ఇంటికి సిటీ బస్సులో ముప్పావుగంట. నాతో శిక్షణ పొందినవాళ్లు హిమాలయాలకు వెళ్లారు. నాకు మా అమ్మ పెసరట్లు పొట్లం కట్టింది.

మాకు నేర్పేది హవల్దార్ మాస్టారు. శ్రీకాకుళం వైపు రైతు ఇంటి మనిషి. ఇరవై నాలుగేళ్ల సర్వీసు. రోజూ సూర్యాస్తమయానికి జెండా దించేటప్పుడు ఊదే పిలుపు ఆయనదే. అది వింటే గుట్ట కింద లారీలు కూడా హారన్ ఆపేస్తాయని బ్యాండులో చెప్పుకునేవాళ్లం. ఆపేవి కావు.

మొదటి రోజే నా ట్రంపెట్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. మౌత్‌పీసు మాత్రం నా చేతిలో పెట్టారు.

"మిగతాది ఏదండీ?"

"మిగతాది గొట్టం. గొట్టం ఎవుడైనా ఊదతాడు. ముందు పెదాలు నేర్సుకో. నలభై రోజులు."

నలభై రోజులు, ఆరు నుంచి ఎనిమిది దాకా, మౌత్‌పీసుతో తుమ్మెదలా జుమ్మన్నాను. అది కాక పేపరు ముక్క. గోడకి ఆనించి, చెయ్యి తీసేసి, ఊపిరితోనే పడకుండా నిలబెట్టాలి. పన్నెండు అంకెలు లెక్కపెట్టేదాకా. నాకు నాలుగో అంకెకే జారేది. ఎక్కువగా రాశిఫలాల పేజీయే దొరికేది. ఆ వారం నాకు కార్యసిద్ధి.

గేటు సెంట్రీ విజయనగరం వాడు. వాకీటాకీలో పలకరించేవాడు.

"బ్యాండు గది, గేటు. ఆ సౌండేటి బావ, దూడ తప్పిపోనాదా? ఓవర్."

"ప్రాక్టీసు. ఓవర్."

"దూడైతే తోలుకొచ్చి అప్పజెప్పేద్దును. ఓవర్."

నలభై ఒకటో రోజు ట్రంపెట్ తిరిగొచ్చింది. దాంతోపాటు మాస్టారి అసలు పద్ధతి. ఒకే స్వరం, పదహారు అంకెలు. తర్వాత ట్రంపెట్ మోకాలి మీద నిలబెట్టి, పైకి లెక్కపెడుతూ, పదహారు అంకెలు విశ్రాంతి. ఆ విశ్రాంతిలో ఒక్క అంకె ఎగ్గొట్టినా మళ్లీ మొదటి నుంచి.

"ఊదీది అందరూ నేర్సుకుంతారు. ఊరుకోడం ఎవుడూ నేర్సుకోడు. పెదమంటే మాంసం రా, ఇనుము కాదు."

నేను గోదావరి నుంచి వచ్చిన స్టీలు ప్లాంటు ఉద్యోగి కొడుకుని. ఇనుము కూడా అలసిపోతుందని మా నాన్న చెప్పేవారు. అది మాస్టారికి చెప్పలేదు. ఊరుకోవడంలో మాత్రం త్వరగా పైకొచ్చాను.

రెండో ఏడు అక్టోబరు. మాస్టారి రిటైర్మెంట్‌కి నలభై రోజులు. మా బ్యాండులో ఒక ఆనవాయితీ ఉంది. వెళ్లిపోయే ట్రంపెటరు ఆఖరి సాయంత్రం జెండా పిలుపు తనే ఊదాలి. మాస్టారు అప్పటికే ఊరికి కబురు పెట్టారు.

"మా ఇంటిది పొలం ఒగ్గేసి ఎప్పుడూ రానేదు. ఒక్కపాలి కూడా ఇననేదురా," అన్నారు.

రెండ్రోజుల తర్వాత, ఉదయం 6:10. వాన. మాస్టారు టీ తాగుతుంటే నోటి ఎడమ మూల నుంచి చొక్కా మీదికి కారింది. నవ్వాను. తర్వాత ముఖం చూశాను. ఎడమ సగం జారిపోయి ఉంది. ఆ కన్ను మూతపడటం లేదు. నవ్వుని వెనక్కి తీసుకునే ఆర్డరు ఏదీ మాకు నేర్పలేదు.

ముఖ నరం దెబ్బతింది అన్నారు డాక్టరు. మాత్రలు, కంట్లో చుక్కలు, బుగ్గకి మర్దన. మూడు నెలల్లో రావచ్చు. రాకపోవచ్చు. మా దగ్గర ముప్పై ఎనిమిది రోజులున్నాయి.

రోజూ 5:30కి తలుపు గడియ పెట్టి ప్రయత్నించేవాళ్లం. గాలంతా ఎడమ మూల నుంచి పోయేది. ప్లాస్టర్ అంటించాం. తడిసి ఊడింది. చివరికి, "ఆ మూల నొక్కి పట్టు," అన్నారు. బొటనవేలితో నొక్కాను. పై అధికారి బుగ్గ ఎలా పట్టుకోవాలో శిక్షణలో లేదు. స్వరం వచ్చింది. రెండు అంకెలు. తర్వాత వేలు జారింది.

"గట్టిగా పట్టరా గోదారోడా."

"గట్టిగానే పట్టానండి."

"మరేటి?"

ఇరవై రెండు ఉదయాలు పట్టాను. రెండు అంకెలు మూడు కాలేదు.

రిటైర్మెంట్‌కి వారం ముందు సుబేదార్ సాబ్ నన్ను పిలిచి ఆర్డరు వేశారు. ఆఖరి రోజు ట్రంపెట్‌తో సిద్ధంగా ఉండు. ఆయన ఊదలేకపోతే నువ్వు ఊదు. ఆయనకి ఎవరు చెప్తారని అడిగాను. సాబ్ కిటికీలోంచి బయటికి చూశారు. నేనూ చూశాను. క్రేన్లు కనిపించాయి.

నవంబరు ఆఖరి రోజు, 16:50. తెల్ల గ్లవ్స్, ఇస్త్రీ యూనిఫాం. వాకీటాకీ మోగింది.

"బ్యాండు గది, గేటు. మాస్టారి ఇంటోలొచ్చేసినారు. అమ్మగారు నిలబడే ఉన్నారు. కుర్సీ ఎయ్యమంటారా? ఓవర్."

మాస్టారే తీశారు. "ఎయ్యి. ముందు వరసలో ఎయ్యి." ఓవర్ అనలేదు.

తన ట్రంపెట్ నా చేతికిచ్చారు. "నీది పక్కనెట్టు. దీంతో ఊదు. ఎలాగోలా మా ఇంటిది ఇనాల."

సూర్యాస్తమయం 17:21. ఊదాను. మూడో స్వరం కాస్త చీలింది. మాస్టారు వట్టి చేతులతో వరసలో నిలబడ్డారు. జెండా దిగింది. ఆమె కుర్చీలోంచి లేచి వచ్చారు.

"ఇదేనేటి? ఇరవై నాలుగేళ్లూ ఇదేనా?"

"ఇదే."

"ఇంత పొట్టిదా?"

మాస్టారు కుడి సగంతో నవ్వారు.

తర్వాత కొన్నాళ్లకి నా నాలుగేళ్ల అగ్నివీర్ కొలువూ అయిపోయింది. అదే ట్రంకు, అదే సిటీ బస్సు. కూర్మన్నపాలెం జంక్షన్‌లో దిగితే ఆటో అతను పెట్టె అందుకున్నాడు.

"ఏ బోర్డర్లో సేసినావు బావ?"

"బ్యాండులో."

"ఏటి సూసినావు మరి అక్కడ?"

ఎండ గురించి చెప్పి ఊరుకున్నాను. చూసింది మాత్రం ఇది.

మాస్టారి ఆఖరి సాయంత్రం, జెండా దిగాక, 18:05. ఆమె బయట ఆటోలో ఎదురుచూస్తున్నారు. బ్యాండు గదిలో ఇద్దరమే. ట్రంపెట్ బీరువాకి అప్పజెప్పాలి. మాస్టారు స్టూలు మీద కూర్చుని దాన్ని ఎత్తారు. నేను బొటనవేలు చాచాను. వద్దని తల ఊపారు. ఊదారు. స్వరం లేదు. గాలి. పదహారు అంకెలూ గాలే. తర్వాత ట్రంపెట్‌ని మోకాలి మీద నిటారుగా నిలబెట్టి లెక్కపెట్టారు. ఒకటి. రెండు. మూడు. తొమ్మిది దాకా ఎలాగో వచ్చాయి. పది దగ్గర్నుంచి అన్నీ 'ప'తోనే మొదలు. ఆ పెదవికి 'ప' రాదు. ఒక్కో అంకె సగం గాలిగా బయటికొచ్చింది. ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు.

నేను నిలబడి పదహారు దాకా ఊరుకున్నాను.